ముత్యాలరావు సాక్ష్యం

క్రిస్మస్ రోజు మా మందిరంలో నా చోటు నాకు దొరకదు. ఏడాదంతా కిటికీ పక్కన గోడకి వీపు ఆనించుకుని కూర్చుంటాను, మోకాళ్ళ నొప్పులదాన్ని. ఆ ఒక్కరోజు మాత్రం నేను వెళ్ళేసరికి ఎవరో ఒకావిడ కొత్త చీర మడత నలగకుండా అక్కడ సర్దుకుని ఉంటుంది. పైగా "రండి, ఇలా కూర్చోండి" అని నాకే చోటిస్తుంది. పాట ఎత్తుకుంటే పల్లవి దాకా గట్టిగా పాడుతుంది, చరణం రాగానే పెదాలు కదిలిస్తుంది. వాక్యం చెబుతున్నంతసేపూ పక్కావిడతో చీర ఏ కొట్లో కొన్నావని గుసగుసలు. బిర్యానీ దగ్గర మాత్రం ముందు వరస. నాకు ఒళ్ళు మండుతుంది. మండదని చెబితే మందిరం గుమ్మంలో నిలబడి అబద్ధం ఆడినట్టే.

మా పేటలో అలాంటివాళ్ళకి చుట్టపుచూపు విశ్వాసులని పేరు. ఎవరు పెట్టారో గానీ బాగానే అతికింది. ముత్యాలరావూ వాళ్ళలో ఒకడు. అతని సంగతి చెప్పాలనే కూర్చున్నాను. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. కోపం వచ్చినచోట కోపంగానే చెబుతాను, నచ్చనివాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోవచ్చు.

నా పేరు సలోమి. అంగన్‌వాడీలో టీచరుగా చేసి మానేశాను. మాది ఏలూరుకీ కొల్లేటికీ మధ్యన ఉన్న ఊరు. ఊరికి ఏ వైపు నడిచినా చేపల చెరువే ఎదురొస్తుంది. ఒకప్పుడు వరిచేలు ఉండేవి. ఇప్పుడు మా పిల్లలు వరి చేను చూడాలంటే అత్తిలి వైపు బస్సెక్కాలి.

ముత్యాలరావు పుట్టింది కొల్లేటి లంకలో. వాళ్ళ నాన్న తాటిదోనెలో వెళ్ళి వలేసి చేపలు పట్టేవాడు. వాళ్ళది హిందువుల ఇల్లు, ఏడాదికోసారి అమ్మవారికి జాతర చేసే కుటుంబం. తాడేపల్లిగూడెం దగ్గరి అమ్మాయి రత్నం మా పేటలో మేనత్త ఇంటికి వస్తూ పోతూ ఉండేది. ఆమెను చేసుకున్నప్పుడే అతను బాప్తిస్మం తీసుకున్నాడు. అది పెళ్ళి కోసం తీసుకున్న బాప్తిస్మమని మా వాళ్ళు చెవులు కొరుక్కున్నారు. అందులో కొంత నిజం ఉంటే ఉండొచ్చు. కానీ ఆ బాప్తిస్మానికి అతను ఏం పోగొట్టుకున్నాడో మాలో ఒక్కళ్ళకీ పట్టలేదు. అన్నదమ్ములు గడప తొక్కనివ్వలేదు. తండ్రి పోయినప్పుడు శవం మీద చెయ్యి వేయనివ్వలేదు. దూరంగా చెరువు గట్టు మీద నిలబడి, ఎవరో పరాయివాడిలా చూసి వచ్చాడు. తల్లి కడుపులోంచే క్రైస్తవులమై పుట్టిన మాకు మందిరానికి రావడం కాళ్ళకి అలవాటు. అతనికి కాదు.

లంకలో పొమ్మన్నాక వల పట్టుకుని సరస్సులోకి వెళ్ళే దారి కూడా పోయింది. సరస్సు అప్పటికే చెరువులైపోతోంది. ప్రభుత్వం వచ్చి గట్లు కొట్టించేది, అవి మళ్ళీ లేచేవి, మళ్ళీ తగాదాలు. ఆ తగాదాల్లో ఎవరిది న్యాయమో తేల్చడం నా వల్ల కాదు. నాకు తెలిసిందల్లా ఒకటే. కొల్లేటి మీద బతికినవాళ్ళు చాలామంది చివరికి ఎవరి చెరువు గట్టు మీదో కాపలాదార్లయ్యారు. ముత్యాలరావు బుల్లిరాజుగారి చెరువు మీద కుదిరాడు. గట్టు మీద రేకుల పాక, అందులో ముత్యాలరావు, రత్నం, కూతురు మణి. మణికి పెళ్ళయి అత్తిలి వెళ్ళిపోయాక ఇద్దరే.

కాపలా అంటే మంచం మీద పడుకుని దొంగలు రాకుండా చూడటం అనుకుంటారు చాలామంది. తవుడూ నూనె చెక్కా కలిపిన మేత చిల్లుల సంచుల్లో నింపి, దోనె మీద వెళ్ళి నీళ్ళలో పాతిన వెదురు గెడలకి కట్టాలి. నీటికాకుల్ని తోలాలి. అన్నిటికన్నా ముఖ్యం తెల్లారేసరికి నీళ్ళ దగ్గర నిలబడి చూడటం. మబ్బు పట్టి, మంచు పట్టి వరసగా ఎండ రాకపోతే నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వచ్చేస్తాయి. చేప తేలిందంటారు మా వైపు. తేలిన వెంటనే నీళ్ళలో ఉన్న ఏరియేటర్లు వేయాలి. అవి నీళ్ళని చిలికే కరెంటు చక్రాలు, మేం ఫ్యాన్లనే అంటాం. ఆలస్యమైతే ఇక చేసేదేమీ ఉండదు, చెరువు చెరువంతా తెల్లగా తిరగబడుతుంది. చేపకి ఆదివారం ఉండదు. ఏలూరు మార్కెట్‌కి మాత్రం ఆదివారమే గిరాకీ, అందుకని వలేసి చేపలు తీసే పట్టుబడి కూడా చాలాసార్లు ఆదివారం పొద్దున్నే పడేది. అంచేత వాళ్ళిద్దరూ మందిరానికి రాలేకపోయేవారు.

అలాగని దేవుడిని వదిలేసినవాళ్ళా? ఒకసారి కోడిగుడ్లు ఇవ్వడానికి నేను ఆ గట్టుకి వెళ్ళాను. మందిరం గంట అంత దూరం వినిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది, నీళ్ళ మీదుగా వస్తుంది కదా. గంట వినగానే ముత్యాలరావు మేత సంచి దోనెలో దించి, తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, దోనె మధ్యలోనే నిలబడిపోయాడు. అతనికి చదువు రాదు. పాక ముందు కూర్చుని రత్నం పెద్ద గొంతుతో కీర్తన చదువుతోంది, నీళ్ళ మీద అతనికి వినపడాలని. ఆ అమ్మాయికి రాగం రాదు, చదువులో తప్పులు. అయినా నాకు ఒళ్ళు జలదరించింది. మా మందిరంలో కిటికీ పక్కన కూర్చుని నేను నిద్రలో జోగిన ఆదివారాలు ఎన్నో ఉన్నాయి.

క్రిస్మస్‌కి మాత్రం బుల్లిరాజుగారే సెలవిచ్చేవారు. ఆయన హిందువే, అయినా "మీ పండగరా, వెళ్ళండి" అని వేరే మనిషిని గట్టు మీద పెట్టేవారు. ముత్యాలరావు తెల్లచొక్కా వేసుకుని, రత్నాన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. మగవాళ్ళ వైపు చివర చెప్పుల దగ్గర కూర్చునేవాడు. ఎంత కడుక్కున్నా బట్టల్లో కాస్త చేప వాసన ఉండేది, పక్కవాళ్ళు జరిగేవాళ్ళు. అతను అది చూసి తనే ఇంకొంచెం వెనక్కి జరిగేవాడు.

మా కొత్త అయ్యగారు రెండేళ్ళ కిందట వచ్చారు. పాస్టర్లని మేం అయ్యగారనే అంటాం. మంచి మనిషి. ఎవరికి జ్వరం వచ్చినా బండేసుకుని వచ్చి ప్రార్థన చేస్తారు, ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే తనే తీసుకెళ్తారు. తిండి మీద గానీ డబ్బు మీద గానీ యావ లేదు. ఆయన్ని తిట్టుకోవడానికి నాకు ఒక్క సంగతీ దొరకదు, అదే నా బాధ. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం ఎంతో తేలిక.

ఆయన మా దగ్గర చేసిన మొదటి క్రిస్మస్. మందిరం కిటకిటలాడుతోంది. వాక్యం మధ్యలో ఆయన పుస్తకం మూసి, "ఈ మందిరంలో పండక్కి మాత్రమే వచ్చేవాళ్ళు ఉన్నారు. దేవుడి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళు. దేవుడి ముందు దాచేదేముంది? అలాంటివాళ్ళు ఒక్కసారి లేచి నిలబడండి" అన్నారు.

మందిరం నిండా వాళ్ళే. సగానికి పైగా లేవాలి. ఒక్కరూ కదల్లేదు. కొత్త చీరలన్నీ నేల చూపులు చూశాయి. నా చోటు ఆక్రమించినావిడ పిల్లాడి ముక్కు తుడవడం మొదలుపెట్టింది. చెప్పుల దగ్గర నుంచి ముత్యాలరావు లేచాడు. లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నవ్వులు వినిపించాయి.

అయ్యగారు సంతోషించారు. "చూడండి, ఒక్కడే యథార్థవంతుడు. ముత్యాలరావుగారూ, వచ్చే ఆదివారం నుంచి ప్రభువు సన్నిధి మాననని ఈవేళ తీర్మానం తీసుకుంటారా?" అని అడిగారు.

మీకు తెలియకపోతే చెబుతున్నాను, మాలో తీర్మానం అంటే మనుషుల మధ్య ఇచ్చే మాట కాదు. మందిరంలో అందరి ముందు చెయ్యెత్తి దేవుడికిచ్చే మాట. పుట్టుకతో వచ్చినవాళ్ళం మేం ఏడాదికి నాలుగు తీర్మానాలు తీసుకుని, అయిదోదానికల్లా నాలుగూ మర్చిపోతాం. ముత్యాలరావు అలాంటివాడు కాదు. ఆడవాళ్ళ వైపు నుంచి రత్నం అతన్నే చూస్తోంది, వద్దన్నట్టు తల కూడా కొంచెం ఊపింది. అతను చెయ్యెత్తాడు. అందరూ హల్లెలూయా అన్నారు.

బయట చెట్టు కింద రత్నాన్ని పలకరించాను. విస్తరి పట్టుకుని తినకుండా కూర్చుంది.

"మాటిచ్చేశారండీ సలోమక్కా. చెరువెవరు చూస్తారండీ?" అంది.

ముత్యాలరావు పక్కనే ఉన్నాడు. "నువ్వెందుకు లేచావయ్యా? అంతమంది కూర్చున్నారు కదా, నీకేం పుట్టింది?" అని మందలించాను.

"అడిగారు కదండీ. మందిరంలో అబద్ధం ఎలాగండీ?" అన్నాడు.

నేను ఊరుకోలేదు. అతన్ని అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళి, చెరువు సంగతి చెప్పమన్నాను. తడబడుతూ చెప్పాడు. అయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "ముత్యాలరావుగారూ, చేపల్ని చేసినవాడికి చేపల్ని కాపాడటం తెలియదంటారా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. దాంతో ఆ మాట అక్కడితో తెగిపోయింది. ఆమెన్ తర్వాత మాట్లాడటం మాలో ఎవరికీ అలవాటు లేదు.

బుల్లిరాజుగారూ కాదనలేదు. "దేవుడి దగ్గరికి వెళ్తానంటే నేనెందుకు అడ్డం పడతానురా? రత్నం ఉంటుందిగా. గట్టు ఖాళీగా ఉండకూడదు, అంతే" అన్నారు. మరి ఏరియేటర్ దగ్గర తీగకి అతుకులు పడ్డాయి, మార్పించండని ముత్యాలరావు అంతకుముందే ఆయనకి చెప్పి ఉన్నాడు. మార్పిద్దాంలే అన్నారు. ఆ తీగకి ఎక్కడెక్కడ టేపు చుట్టి ఉందో ముత్యాలరావుకి తెలుసు, అందుకని ఫ్యాన్ల పని ఎప్పుడూ తనే చేసేవాడు, రత్నాన్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

జనవరి అంతా ముత్యాలరావు ఆదివారం తప్పకుండా వచ్చాడు. అతను వచ్చినప్పుడల్లా మేమందరం మురిసిపోయాం. అతనూ మారాడు. ముందు వరసలోకి రమ్మంటే వచ్చాడు. పాటల చరణాలు నేర్చుకున్నాడు. రాదు రాదంటూనే చప్పట్లకి తాళం కుదిరింది. అతని ముఖంలో ఆ వెలుగు చూసి, పోనీలే, అయ్యగారు చేసింది మంచిదేనేమోనని నాక్కూడా అనిపించింది. ఒక్క రత్నం మాత్రం రావడం లేదు. క్రిస్మస్‌కి ఇద్దరూ కలిసి వచ్చేవారు, ఇప్పుడు ఒకరు వస్తే ఒకరు గట్టు మీద ఉండాలి. ఆ అమ్మాయిని ఎవరూ అడగలేదు, అయ్యగారితో సహా.

ఫిబ్రవరి మొదటి ఆదివారం బల్ల ఆరాధన. ప్రభువు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆదివారం. క్రమం తప్పకుండా వచ్చేవాళ్ళకే బల్ల అని మా సంఘంలో నియమం. కాబట్టి ముత్యాలరావుకి బాప్తిస్మం తీసుకున్న కొత్తలో తప్ప ఎప్పుడూ దొరకలేదు. అయ్యగారు ముందు వారమే అతన్ని పిలిచి, ఈసారి మీరూ పాలు పొందొచ్చని చెప్పారు. అతను ఆ మాట వింటూ కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ వారమంతా మంచు. పగలు పదింటికి కూడా రోడ్డు మీద లైట్లు వేసుకుని లారీలు తిరిగాయి. ఆదివారం తెల్లారి నీళ్ళ మీద ఒకటీ అరా చేప నోరు తెరుస్తూ కనబడిందిట. ముత్యాలరావు ఫ్యాన్లు వేశాడు. కాసేపటికి చేప కిందికి దిగింది. ఆపేశాడు. ఈవేళ వెళ్ళనన్నాడు. రత్నమే ఒప్పుకోలేదు. ఇదంతా తర్వాత అతను నాకు చెప్పిన సంగతి, అలాగే చెబుతున్నాను.

"ఇన్నేళ్ళకి బల్లకి పిలిచారండీ. మీరు వెళ్ళండి" అందిట.

"మళ్ళీ తేలితేనో?"

"ఫోన్ చేస్తాను. వచ్చేద్దురు గాని. ఆ కాసేపూ దేవుడు చూసుకోడా ఏవిటండీ?"

ఆ మాట అయ్యగారి మాటే. రత్నం నోటికి ఎలా చేరిందో చెప్పక్కర్లేదు, ముత్యాలరావు ప్రతి వారం విన్న వాక్యం ఇంటికెళ్ళి ఆమెకి అప్పజెప్పేవాడు.

మా మందిరం గుమ్మంలో ఫోన్లు ఆపేసి లోపలికి రండని బోర్డు ఉంటుంది. చాలామంది సైలెంట్‌లో పెట్టుకుని, కీర్తన పాడుతూ వాట్సాప్ చూసుకుంటారు. ముత్యాలరావు గుమ్మం ముందు నిలబడి బోర్డు ఏమందో నన్నడిగాడు. చదివి చెప్పాను. ఒక్క నిమిషం ఫోన్ చేతిలో పట్టుకుని ఆలోచించాడు. తర్వాత దాన్ని ఆపేసి జేబులో వేసుకున్నాడు.

బల్ల ఆదివారం ఆరాధన మామూలు కన్నా పొడుగు. పాటలు, పాపపు ఒప్పుకోలు, వాక్యం, మళ్ళీ పాట. ముత్యాలరావు వంతు వచ్చింది. రెండు చేతులూ దోసిలి పట్టి మోకరించాడు. అయ్యగారు రొట్టె ముక్క అందులో పెట్టారు. అతను దాన్ని వెంటనే తినలేదు, కొంచెంసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. నేను ఏ దృశ్యాన్నైనా మర్చిపోగలను గానీ అది కాదు.

ఆఖరి పాటలో ఉండగా పక్క చెరువు మీద పనిచేసే మనిషి బండి మీద వచ్చి, చెప్పులతోనే మందిరంలోకి పరుగెత్తుకొచ్చాడు.

మేం ఆటోల్లో వెళ్ళేసరికి చెరువు ఒక వైపు నుంచి మరో వైపు దాకా తెల్లగా ఉంది. పొట్టలు పైకి తిరిగిన శీలావతి, బొచ్చె చేపలు. ఫ్యాన్ దగ్గర నీళ్ళలో రత్నం చీర రంగు కనిపించింది. చేప తేలడం చూసి ఫోన్ చేసింది, మళ్ళీ చేసింది, ఎంతకీ కలవలేదు. స్విచ్చి వేసింది. ఒక ఫ్యాన్ తిరగలేదు. తీగ కదిపితే తిరుగుతుందని ముత్యాలరావు చేస్తుండగా చూసింది కదా, తనూ నీళ్ళలోకి దిగి తీగ పట్టుకుంది. పక్క చెరువు మనిషి వచ్చి కరెంటు ఆపేసరికే అంతా అయిపోయింది.

ముత్యాలరావు తెల్లచొక్కాతోనే నీళ్ళలోకి దిగాడు. చచ్చిన చేపల్ని మోచేత్తో పక్కకి నెట్టుకుంటూ వెళ్ళి, ఆమెని భుజాన వేసుకుని గట్టుకి తెచ్చాడు. బుల్లిరాజుగారు అప్పటికే కారు దిగి నిలబడ్డారు. ఆయన ముందు చెరువు వైపు చూశారు, తర్వాత రత్నాన్ని చూశారు, తర్వాత గట్టు మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఏ చూపుకి కూలబడ్డారో నాకు తెలియదు, అడగాలనీ లేదు.

మణికి కబురు చెప్పాలని ముత్యాలరావు ఫోన్ ఆన్ చేశాడు. రత్నం చేసిన ఫోన్ల తాలూకు మెసేజీలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడ్డాయి. ఆ ఫోన్ మోగుతూనే ఉంది. అతను దాన్ని అలా అరచేతిలో పట్టుకుని ఆగేదాకా నిలబడ్డాడు.

ఏలూరు ఆస్పత్రిలో పోస్టుమార్టం అయి తెచ్చాక మర్నాడు భూస్థాపన. అయ్యగారు ఏడ్చారు, నిజంగానే ఏడ్చారు. ఏడుస్తూనే, భర్త ప్రభువు బల్ల దగ్గర ఉన్న గడియలోనే ప్రభువు తన దాసురాలిని పిలుచుకున్నాడని, అది దేవుని మర్మమని చెప్పారు. సమాధి చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెన్ అన్నారు. నేను అనలేదు.

తర్వాత ఆయన ఇంటికే వెళ్ళాను. "అయ్యగారండీ, ఒకమాట అడగొచ్చా?" అన్నాను.

"అడగండమ్మా."

"ఆవేళ అతను గట్టు మీదే ఉండి చెరువు చూసుకుని ఉంటే, దేవుడు అతన్ని కాదనేవాడా?"

"దుఃఖంలో ఉన్నప్పుడు ఇలాంటి ప్రశ్నలు సాతాను పుట్టిస్తాడమ్మా. ప్రార్థన చేద్దాం" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. నేను లేచి వచ్చేశాను.

ఆ ప్రశ్న సాతానుది కాదు, నాది. క్రిస్మస్ కథ ఎన్నిసార్లు విన్నానో నాకే తెలియదు. ప్రభువు పుట్టిన కబురు దేవదూత ముందుగా చెప్పింది గుళ్ళో ఉన్నవాళ్ళకి కాదు. పొలంలో మంద కాచుకుంటున్న కాపరులకి, కాపలా పని మీద ఉన్నవాళ్ళకి. వాళ్ళు చివరి సబ్బాతుకి గుడికి వెళ్ళారా అని దూత అడగలేదు. వాళ్ళు బేత్లెహేము వెళ్ళి వచ్చేదాకా ఆ గొర్రెల్ని ఎవరు చూశారో మాత్రం సువార్తలో రాయలేదు. ఎవరో ఒక ఆడమనిషి చూసే ఉంటుంది. ఏడాదికోసారి వచ్చేవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఎందుకు రాలేదని ఒక్కసారైనా వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి అడగకుండా, వచ్చిన ఒక్కరోజునే నిలబెట్టి సిగ్గుపరిచే మా మీద అంతకన్నా పెద్ద కోపం.

గట్టు మీద పని పోయింది. ముత్యాలరావు మా పేటలో ఒకళ్ళ వసారాలో ఉంటూ, మార్కెట్లో చేపల పెట్టెలకి ఐసు కొట్టే పనికి పోతున్నాడు. మణి వచ్చి తనతో అత్తిలి వచ్చేయమని బతిమాలింది.

"ఇక్కడ తీర్మానం తీసుకున్నానమ్మా" అన్నాడు.

"అక్కడా మందిరం ఉంది నాన్నా."

"ఈ మందిరంలో ఇచ్చిన మాటమ్మా ఇది."

ఆ పిల్ల నన్ను పట్టుకుని ఏడ్చింది. ముత్యాలరావు ప్రతి ఆదివారం గంట కొట్టకముందే వచ్చేవాడు. చాపలు పరిచేవాడు. పాటలు పాడటం మానేశాడు, చప్పట్లూ మానేశాడు. ముందు వరసలో కూర్చుని, వాక్యం అయ్యేదాకా అయ్యగారి మొహంలోకే చూసేవాడు. ఆ చూపులో కోపం ఉందేమోనని వెతికాను, కనబడలేదు. ఏదో చెబుతారని ఎదురు చూస్తున్నవాడి చూపు అది. బల్ల దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళలేదు. అయ్యగారు అతన్ని చూపించి, భార్య పోయినా సన్నిధి మానని విశ్వాసి అని వేరే ఊళ్ళ సభల్లో కూడా చెప్పారు.

మళ్ళీ క్రిస్మస్ వచ్చింది. మళ్ళీ మందిరం నిండింది, నా చోట్లో మళ్ళీ ఎవరో కూర్చున్నారు. ఏలూరు నుంచి, నల్లజర్ల నుంచి, హైదరాబాదు నుంచి వచ్చిన కొత్త బట్టలు. అయ్యగారు ఈసారి ఎవరినీ నిలబడమనలేదు. "పోయిన క్రిస్మస్‌కి ఈ సహోదరుడు మీలాంటివాడే. పండక్కి మాత్రమే వచ్చేవాడు. ఈవేళ తన సాక్ష్యం మీరు వినాలి. ముత్యాలరావుగారూ, రండి" అన్నారు.

సాక్ష్యమంటే మాలో దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పడం. చెప్పేవాళ్ళు మాట ఆపినచోటల్లా వినేవాళ్ళు హల్లెలూయా అంటారు. అది మాకు ఊపిరి తీసుకోవడం లాంటిది, ఆలోచించక్కర్లేదు.

ముత్యాలరావు వెళ్ళి మైకు పట్టుకున్నాడు.

"అందరికీ వందనాలండీ. పోయిన క్రిస్మస్‌కి నేను ఇక్కడ తీర్మానం తీసుకున్నానండీ."

"హల్లెలూయా!"

"అప్పట్నుంచి ఒక్క ఆదివారం మానలేదండీ."

"హల్లెలూయా!" ఈసారి ఇంకా గట్టిగా. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. అయ్యగారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు.

"బల్ల ఆదివారం నాడు నా ఫోన్ ఆపేసుకుని లోపల కూర్చున్నానండీ. బోర్డు మీద రాశారు కదండీ."

"హల్లెలూయా! స్తోత్రం!"

"చేప తేలిందని మా రత్నం ఫోన్ చేసిందండీ. నేను పలకలేదండీ. దేవుడు చూసుకుంటాడని తనే నీళ్ళలోకి దిగిందండీ. చచ్చిపోయిందండీ."

అక్కడ అతను ఆగాడు. ముందు వరసల్లో ఉన్న మాకు తెలుసు కనుక మా నోళ్ళు పడిపోయాయి. కిటికీ పక్కన, గుమ్మం దగ్గర, షామియానా కింద ఉన్న పండగ జనానికి ఏమీ తెలియదు. మైకు గరగరలో మాట సరిగ్గా వినబడిందో లేదో. సాక్ష్యం చెబుతున్నాడు, ఆగాడు. అంతే వాళ్ళకి తెలిసింది.

"హల్లెలూయా!" అన్నారు వాళ్ళందరూ కలిసి.

అయ్యగారు కళ్ళు తెరిచారు. ముత్యాలరావు ఆ కేక పూర్తిగా ఆగేదాకా మర్యాదగా నిలబడ్డాడు. తర్వాత "వందనాలండీ" అని మైకు ఆయన చేతికిచ్చి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు.